నాగార్జునసాగర్ జలవిద్యుత్తు

పల్నాడు, నల్లగొండ జిల్లాల నడుమ కృష్ణానదిపై కట్టిన నాగార్జునసాగర్ ఆనకట్ట దగ్గర నీటితో తీసే కరెంటు. ప్రధాన కేంద్రం ఆనకట్ట పాదం దగ్గర ఉంది. దాని సామర్థ్యం 815.6 మెగావాట్లు. కుడి కాలువ తల దగ్గర 90, ఎడమ కాలువ తల దగ్గర 60 మెగావాట్ల కేంద్రాలు ఉన్నాయి. పునరుత్పాదక ఇంధనం అంటే ఇప్పుడు సోలార్ పలకలు, గాలిమరలు గుర్తొస్తాయి. ఆ పేర్లు ఊళ్లలో వినపడకముందే పల్నాటి అంచున ఈ తరహా కరెంటు పుట్టింది.

ఆనకట్ట మాత్రం ప్రధానంగా కరెంటు కోసం కట్టింది కాదు. మెట్ట సీమకు నీళ్లు కావాలి. నందికొండ దగ్గర ఆనకట్ట కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పట్టుబట్టి తిరిగారు. 1952లో ఖోస్లా కమిటీ ఆ చోటును బలపరిచింది. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ ఆధ్వర్యంలో 124 మీటర్ల ఎత్తున రాతికట్టడం లేచింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి నరసరావుపేట ప్రాంతం వారే. కాలువలు పారిన పదకొండేళ్లకు, 1978లో, 110 మెగావాట్ల మొదటి యంత్రం తిరిగింది. ఒక్కొక్కటి 100.8 మెగావాట్ల చొప్పున మిగతా ఏడూ 1980-85 మధ్య వచ్చాయి.

నీరు ఎంత ఎత్తు నుంచి పడుతుంది, ఎంత పడుతుంది అన్న రెండింటి మీదే ఈ కరెంటు లెక్క నడుస్తుంది. సెకనుకు ఒక ఘనమీటరు నీరు 100 మీటర్ల కిందికి దిగితే 981 కిలోవాట్ల శక్తి వస్తుంది. యంత్రాల్లో పోయేది పోగా దాదాపు 880 మిగులుతుంది. సాగర్‌లోనూ దాదాపు అంతే ఎత్తని లెక్కేస్తే ఒక్కో యంత్రానికి సుమారు 4,000 క్యూసెక్కులు కావాలి. ఎనిమిదీ ఒక రోజంతా తిరిగితే మూడు టీఎంసీలకు కాస్త తక్కువగా నీరు కిందికి పోతుంది. కరెంటు కావాలని ఎప్పుడు పడితే అప్పుడు తిప్పే వీలు అందుకే లేదు. జలాశయం మట్టం 590 అడుగుల నుంచి జారేకొద్దీ అదే నీటికి వచ్చే కరెంటూ తగ్గుతుంది.

ప్రధాన కేంద్రంలో తిరిగిన నీరు నదిలోకి దిగి పులిచింతల, ప్రకాశం బ్యారేజీల మీదుగా డెల్టాకు పోతుంది. వినుకొండ, నూజెండ్ల వైపు ఆయకట్టుకు నీరందించేది కుడి కాలువ. ఆ కాలువ తల దగ్గరి కేంద్రం 1980 దశకంలో పని మొదలుపెట్టింది. జలాశయానికీ కాలువకూ మధ్య ఉన్న మట్టం తేడాయే దానికి ఆధారం. మట్టం బాగా పడిపోయిన ఏడాది కాలువకు నీరు వెళ్లినా చెప్పుకోదగ్గ కరెంటు రాదు. టర్బైను గుండా వెళ్తే నీళ్లలో సారం పోతుందన్నది అపోహ. టర్బైను తీసుకునేది నీటి ఒత్తిడిని. చేను చేరే నీరు తగ్గదు, దాని గుణమూ మారదు.

సాగర్‌లో అసలు విశేషం 100.8 మెగావాట్ల ఆ ఏడు యంత్రాలది. అవి రివర్సిబుల్ రకం. ఒకవైపు తిరిగితే కరెంటు ఇస్తాయి, వెనక్కి తిరిగితే కరెంటు తీసుకుని నదిలోని నీటిని జలాశయంలోకి ఎక్కిస్తాయి. ఎక్కించడానికి వంద యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేవి 75 నుంచి 80. నష్టమని తెలిసే పెట్టారు. బొగ్గు కేంద్రాలను రాత్రిపూట ఆపడం కష్టం. వాడకం లేని ఆ కరెంటుతో నీరు ఎక్కించి, గిరాకీ ఉన్న సాయంత్రం దించుకోవచ్చన్నది ఆనాటి ఆలోచన. అయితే ఎక్కించడానికి కింద నీరు నిలిచి ఉండాలి కదా! నిలబెట్టే టెయిల్ పాండ్ దశాబ్దాల పాటు కట్టనే లేదు. అంత ఖరీదైన యంత్రాలు అన్నాళ్లూ మామూలు టర్బైన్లలాగే తిరిగాయి. ప్రణాళికలో ఇంతకంటే పెద్ద లోటు వెతకనక్కర్లేదు.

చివరికి ఆనకట్టకు 21 కిలోమీటర్ల దిగువన, రెంటచింతల మండలం సత్రశాల దగ్గర టెయిల్ పాండ్ కట్టి, 25 మెగావాట్ల యంత్రాలు రెండు అక్కడా పెట్టారు. ఈలోగా లెక్క తిరగబడింది. సోలార్ పెరిగాక కరెంటు మిగిలేది మిట్టమధ్యాహ్నం, చాలనిది చీకటిపడ్డాక. నది మీద ఆధారపడకుండా పైన ఒకటి, కింద ఒకటి జలాశయాలు కట్టి ఇదే సూత్రం నడిపే 1,680 మెగావాట్ల పిన్నాపురం పథకానికి (నంద్యాల జిల్లా) 2022 మేలో శంకుస్థాపన జరిగింది.

2014 రాష్ట్ర విభజనతో సాగర్ ప్రధాన కేంద్రం, ఎడమ కాలువ కేంద్రం తెలంగాణకు, కుడి కాలువ కేంద్రం, సత్రశాల ఆంధ్రప్రదేశ్‌కు దక్కాయి. 2021లో సాగుకు అవసరం లేని వేళ తెలంగాణ కరెంటు తీస్తోందని, నీళ్లు వృథాగా దిగువకు పోతున్నాయని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది. ఆనకట్ట మీద రెండు వైపులా పోలీసులు దిగారు. నీటి పంపకం తేలినా పంపింగు చిక్కు అలాగే ఉంటుంది. నీరు ఎక్కించే యంత్రాలు ఒక రాష్ట్రానివి, కింద నీరు నిలబెట్టే గేట్లు మరో రాష్ట్రానివి. సత్రశాలలో ఆ రెండు చిన్న యంత్రాలు తిప్పడానికో, డెల్టా అవసరానికో నీరు వదిలితే, ఎగువన ఎక్కించడానికి ఆ మేరకు నీరు తగ్గుతుంది.