హెచ్‌టీ స్విచ్‌గేర్ తనిఖీ, నిర్వహణ (జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్)

11, 33 కిలోవోల్టుల (కేవీ) విద్యుత్తును కలపడానికి, ఆపడానికి, లోపం తలెత్తగానే ఆ భాగాన్ని విడదీయడానికి వాడే బ్రేకర్లు, ఐసోలేటర్లు, రిలేలు, బస్‌బార్ల సముదాయమే హెచ్‌టీ (హై టెన్షన్) స్విచ్‌గేర్. హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో ఇది పంపిణీ సంస్థ సబ్‌స్టేషన్లతో పాటు హెచ్‌టీ కనెక్షన్ ఉన్న స్టూడియోలు, ఆసుపత్రులు, వాణిజ్య భవనాల ఆవరణల్లోనూ ఉంటుంది.

తొలి దశ

హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం ప్రభుత్వం 1920లో థర్మల్ విద్యుత్ కేంద్రం నెలకొల్పింది. అప్పటికి జూబ్లీహిల్స్ రాళ్ల గుట్టలే.

నిబంధనలు, సంస్థలు

స్విచ్‌గేర్ తనిఖీ చరిత్రలో కీలకమైనవి 1956 నాటి భారత విద్యుత్ నియమాలు. హెచ్‌టీ పరికరాలకు సరఫరా ఇచ్చే ముందు విద్యుత్ తనిఖీ అధికారి ఆమోదం ఉండాలని 63వ నియమం, వినియోగదారు ఆవరణలోని పరికరాలను ఐదేళ్లకు మించని వ్యవధుల్లో తనిఖీ చేయాలని 46వ నియమం నిర్దేశించాయి. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. 1999 ఫిబ్రవరి 1న అది ఉత్పత్తి సంస్థ జెన్‌కో, ప్రసార సంస్థ ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000 ఏప్రిల్ 1న పంపిణీ బాధ్యత నాలుగు పంపిణీ సంస్థలకు (డిస్కంలకు) దక్కగా, హైదరాబాద్ సెంట్రల్ డిస్కం పరిధిలోకి వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత ఆ డిస్కం తెలంగాణ దక్షిణ డిస్కం అయింది. 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, తిరిగి 2023లో భద్రతా నిబంధనలు వెలువరించింది. సంస్థల పేర్లు మారినా, తనిఖీ బాధ్యత చట్టంలో కొనసాగుతూనే ఉంది.

విద్యుత్ మండలి ఉన్న కాలంలోనే తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చింది. 1970ల నడుమ అన్నపూర్ణ స్టూడియోస్, తర్వాత ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియోస్ వెలిశాయి. 1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి మొదలైంది. ఇలాంటి ఆవరణలకే హెచ్‌టీ కనెక్షన్, దానితో పాటు స్విచ్‌గేర్ అవసరమయ్యాయి.

చమురు నుంచి వాక్యూమ్‌కు

బ్రేకర్ తెరుచుకునేటప్పుడు కాంటాక్టుల మధ్య పుట్టే ఆర్క్‌ను పాత బ్రేకర్లలో చమురు ఆర్పేది. లోపం వచ్చి ట్రిప్ అయిన ప్రతిసారీ చమురులో మసి చేరేది. ట్యాంకు దించి, కాంటాక్టులు శుభ్రపరిచి, చమురును వడకట్టి, అది తట్టుకునే వోల్టేజీని పరీక్షించేవారు. శూన్యంలో ఆర్క్‌ను ఆర్పవచ్చని పరిశోధకులు సోరెన్సన్, మెండెన్‌హాల్ 1926లో కాలిఫోర్నియాలో నిరూపించారు. దశాబ్దాల తర్వాత వాక్యూమ్ బ్రేకర్లు వ్యాప్తిలోకి వచ్చి చమురు పనిని తప్పించాయి. నిర్వహణ అవసరాన్ని మాత్రం తప్పించలేదు: వాడకం లేని మెకానిజంలో గ్రీజు గట్టిపడుతుంది, ట్రిప్ బ్యాటరీ బలహీనపడుతుంది, వదులైన బోల్టు దగ్గర వేడి పుడుతుంది.

నేటి పద్ధతి

పని మొదలుపెట్టే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటారు. సరఫరా ఆపి, ఐసోలేటర్ తెరిచి, కరెంటు లేదని పరీక్షించి, ఎర్తింగ్ చేసిన తర్వాతే చెయ్యి పెట్టాలి. బ్రేకర్‌ను బయటకు లాగి ఇన్సులేటర్లను తుడుస్తారు. మెగ్గర్‌తో ఇన్సులేషన్‌ను, మైక్రో ఓముల్లో కాంటాక్టు నిరోధాన్ని కొలుస్తారు. రిలే నుంచి ట్రిప్ ఇచ్చి బ్రేకర్ తెరుచుకుంటోందో లేదో చూస్తారు. ఆర్‌ఎంయూల్లో (రింగ్ మెయిన్ యూనిట్లలో) ఎస్‌ఎఫ్6 (సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్) వాయు పీడనాన్ని, లోడు మీద థర్మల్ కెమెరాతో జాయింట్ల వేడిని గమనిస్తారు.

ఈ ప్రాంతపు ప్రత్యేక సమస్య నేల. గ్రానైట్ బండ విద్యుత్తును సులువుగా భూమిలోకి పోనివ్వదు. అందుకే ఎర్త్ పిట్లను లోతుగా తవ్వి, వేసవిలో నీరు పోసి, నిరోధాన్ని కొలిచి నమోదు చేయడం ఇక్కడ మరింత ముఖ్యం. వానాకాలానికి ముందు లైన్లకు తగిలే కొమ్మలు కొట్టడం, ప్యానెళ్లలోకి తేమ చేరకుండా హీటర్లు, సీళ్లు సరిచూడడం ఏటా చేసే పనులు.

ఐదేళ్ల గడువు చట్టం విధించిన గరిష్ఠ పరిమితి మాత్రమే. తయారీదారు సూచించిన వ్యవధుల్లో పరీక్షలు జరిపి, ఫలితాలను పాత కొలతలతో పోల్చి చూసినప్పుడే స్విచ్‌గేర్ భద్రంగా ఉంటుంది.