పొరుగునేలపై పెరిగిన తెలుగు టాకీ

తెలుగు చలనచిత్రముల ప్రసక్తి వచ్చినపుడు ఆంధ్రదేశమునందలి మన బంధువులు మనలను కొంత జాలితో చూచుట కద్దు. చిత్రములు వారివనియు, మనము దూరమునుండి చూచి సంతోషించువారమనియు వారి భావము. చరిత్రను తిరుగవేసినచో సంగతి అట్లు కనుపింపదు.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారైనది. నిర్మాత పారసీకులైన అర్దెషీర్ ఇరానీ గారు, దర్శకులు హెచ్. ఎం. రెడ్డి గారు; ఆధారము సురభివారి నాటకము. అది 1931 సెప్టెంబరులో వచ్చినదని చిరకాలము వ్రాయుచుండిరి. పాత సెన్సారు దాఖలాలు వెదకి చూడగా 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలోనే మొదట ప్రదర్శింపబడినట్లు తేలినది. ఉద్యోగకాలమంతయు దస్త్రముల నడుమ గడపిన మాకు ఇది చదివినపుడు కలిగిన సంతోషము చెప్పనలవికాదు. చిత్రము ప్రతి మాత్రము ఒక్కటియు మిగులలేదు. అంతకుముందు 1931లో రెడ్డి గారే తీసిన ‘కాళిదాస్’లో నాయిక తమిళమునను, నాయకుడు తెలుగునను మాటలాడిరి. గోడకు ఇవతల తెలుగును, అవతల తమిళమో కన్నడమో మరాఠీయో వినుచు పెరిగిన మనకు అది వింతగా తోచదు.

1934లో సి. పుల్లయ్య గారి ‘లవకుశ’ కలకత్తాలోను, అదే సంవత్సరము ‘సీతాకల్యాణము’ మదరాసులోను తయారైనవి. రాజమహేంద్రవరమున నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోను స్థాపించిరిగాని అది చిరకాలము సాగలేదు. ఆపైన కొన్ని దశాబ్దములు తెలుగు చిత్రమునకు మదరాసే పుట్టిల్లు.

మేము పండితులము కాము. మెట్రిక్కుతో చదువు చాలించి, మదరాసులో గుమాస్తాపని చేసి విరమించినవారము. మా యింట మూడు తరములవారు తెలుగు మాటలాడుదురు, చదువగలవారు ఇద్దరే. కావున చిత్రమును చూచునపుడు మా కొలబద్ద ఒక్కటే: తెలుగు అక్షరములు ప్రవేశింపని ఇంటిలో అది ఎట్టి తెలుగును చెవిని వేసినది? ఈ కొలబద్ద అందఱకును నచ్చకపోవచ్చును.

దీనితో కొలిచినచో ముందు నిలుచునది గూడవల్లి రామబ్రహ్మము గారి ‘మాలపిల్ల’ (1938). హరిజన బాలికకును బ్రాహ్మణ యువకునికిని ప్రేమ కల్పించి, వివాహమువరకు నడిపించుటకు ఆ రోజులలో ఎంత గుండె కావలెను! చలము గారి కథకు తాపీ ధర్మారావు గారు వాడుకభాషలో మాటలు వ్రాసిరి. ధర్మారావు గారు 1887లో బరంపురమున జన్మించినవారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారికి శిష్యులు. ఆ రెండు పట్టణములును 1936లో ఒరిస్సా రాష్ట్రమున చేరినవి. అనగా, తెరపై తెలుగు మనుష్యులచేత తెలుగు మనుష్యులవలె మాటలాడించిన కలము ఒరిస్సా తెలుగువారిది. మరుసటి యేడు రామబ్రహ్మము గారే తీసిన ‘రైతుబిడ్డ’ జమీందారీ విధానమును ఎదిరించినది. దానికి ధనసాహాయ్యము చేసినవారిలో చల్లపల్లి జమీందారు గారుండుట విశేషము. అందు నటించిన బళ్ళారి రాఘవ గారిని కర్ణాటకమునందలి మనవారికి పరిచయము చేయనక్కరలేదు.

బి. ఎన్. రెడ్డి గారి ‘మల్లీశ్వరి’ (1951)ని గూర్చి ఇదివరకే చాలమంది వ్రాసిరి. మేము ఒక్కమాట మాత్రము చేర్చెదము. మారువేషమున వచ్చిన రాయలవారితో, మల్లికి పల్లకి పంపుమని నాగరాజు పరిహాసమునకు అనును. ఆ పల్లకియే వచ్చి వారి బ్రతుకును రెండుగా కోయును. నోరుజారిన ఒక్క మాటపై నడచు కథకు మాటలెంత మెత్తగా నుండవలెనో దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు తమ తొలి చిత్రమునందే చూపిరి. అందఱు మాటలాడువారే, ఉపన్యసించువారొక్కరును లేరు. హంపి శిథిలములయొద్దకు పోయిన తెలుగువారు నేటికిని నాగరాజు ఉలిని తలచుకొందురు. ఆయన ‘బంగారుపాప’ (1955) ఇంతకంటె గొప్పదని వాదించు మిత్రులు కలరు. ఎస్. వి. రంగారావు గారి నటన విషయమున మేము వారితో ఏకీభవింతుము. తక్కిన విషయములలో కాదు.

కె. వి. రెడ్డి గారు చిత్రసీమలో మొదట కూర్చున్నది క్యాషియరు బల్లవద్ద. చిత్రీకరణమునకు ముందే కథనంతయు కాగితముపై తుదిముట్ట సిద్ధము చేసికొను వారి పద్ధతి లెక్కలవారికి నచ్చును. ‘మాయాబజార్’ (1957)లో పాండవులే కనుపింపరు. కనుపింపలేదని చాలమంది గమనింపనైనను గమనింపరు. పింగళి నాగేంద్రరావు గారు సృష్టించిన ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అను మాటలు వ్యాకరణమునకు నిలువవు. మన యిండ్లలో మాత్రము నిలిచినవి. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చినపుడు సావిత్రి గారి నడకలో రాక్షసుడు తొంగిచూచుట ఎన్నిమారులు చూచినను తనివితీరదు. 2010లో దానికి రంగులద్ది విడుదల చేసిరి. మార్కస్ బార్ట్లీ గారు నలుపు తెలుపులలో కాయించిన వెన్నెల ఆ రంగులలో పలుచబడినదని మా అభిప్రాయము.

ఎల్. వి. ప్రసాదు గారి ‘మిస్సమ్మ’ (1955)తో మాకొక చిన్న తగవు కలదు. హాస్యము, సంభాషణ, పాటలు మూడును మేలైనవే. కాని క్రైస్తవ యువతి మేరీ హిందూ యువకుని వలచుట వరకు వచ్చి, చివరకు ఆమె తప్పిపోయిన జమీందారు కుమార్తె యని తేల్చి చిక్కు విప్పిరి. పదునేడేండ్లకు ముందు ‘మాలపిల్ల’ దాటిన ఏటిని ఈ చిత్రము ఒడ్డుననే నిలిచి చూచినది.

ఆ యేటిలో దిగి మునిగినది కె. బాలచందర్ గారి ‘మరో చరిత్ర’ (1978). విశాఖపట్టణమున పొరుగుపొరుగు ఇండ్లలోని తమిళ బాలునికిని తెలుగు బాలికకును ప్రేమ, పెద్దల అడ్డు. తెలుగురాని ఆ బాలుడు చిత్రముల పేర్లను వరుసగా కూర్చి పాట పాడును. తెలుగు చదువని మన పిల్లలలో ఎంతమంది తెలుగు నేర్చినది అట్లు కాదు? అనువాదము లేకయే అది మదరాసులో సంవత్సరమునకు పైగా ఆడినది. ముగింపునందు ఆ యిద్దరిని చంపుట మాత్రము మాకు రుచింపలేదు. మన కుటుంబములలో ఇట్టి పెండ్లిండ్లు ఎన్నో జరిగినవి. మొదట రెండుమూడేండ్లు కష్టముగనే యుండును, పిమ్మట వంటింట రెండు భాషలును సర్దుకొనును.

1980 ఫిబ్రవరి 2వ తేదీన కె. విశ్వనాథ్ గారి ‘శంకరాభరణము’ వచ్చినది. సంగీతము కె. వి. మహదేవన్ గారిది, ఛాయాగ్రహణము బాలు మహేంద్ర గారిది, ఇరువురును తమిళులు. మా వీథిలోని తమిళ కుటుంబములవారు దానిని తెలుగులోనే చూచి, అర్థముకాని మాటలకు మమ్ము అర్థములడిగిరి. అంతటి గౌరవము మాకు మరి యెన్నడును దక్కలేదు. విశ్వనాథ్ గారు 2023లో సరిగా అదే ఫిబ్రవరి 2వ తేదీన పరమపదించిరి.

ఇటీవలి దర్శకులలో ఎస్. ఎస్. రాజమౌళి గారు కర్ణాటకమునందలి రాయచూరు జిల్లాలో, మనవంటి వలస కుటుంబమున జన్మించినవారే. ‘బాహుబలి’ (2015, 2017) చూచి మేమును కన్నులు విప్పార్చితిమి. కాని పొరుగువారు దానిని తమ భాషలో చూచినను వారికి కొఱత తోచలేదు. మమ్ము ఎవరును అర్థములడుగలేదు. ఇది చిత్రమునకు ప్రశంసయే కావచ్చును, మనకు మాత్రము నష్టము.

తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలిపోయినది. వడపళనిలో విజయా వాహినీ స్టూడియోలుండిన స్థలమున నేడు ఆసుపత్రియు, అంగళ్ళ సముదాయమును కలవు. తమిళనాట 2006 నాటి చట్టముతో బడులలో తమిళము తప్పనిసరియైన పిదప తెలుగు అక్షరములు నేర్చు పిల్లలు మరింత తగ్గిరి. మా మనుమరాలు ‘మాయాబజార్’లోని మాటలను తన నోటుపుస్తకమున తమిళ లిపిలో వ్రాసికొనుచున్నది. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు అక్షరమొక్కటే యగుటచే ఘటోత్కచుని ఘకారమునకు ఏమి చేయవలెనో తోచక, దానిక్రింద ఎఱ్ఱసిరాతో గీతయొకటి గీసి, ఇచట గట్టిగా పలుకవలెనని ప్రక్కన తమిళముననే వ్రాసిపెట్టుకొన్నది.