గైర్హాజరుకు వెల ఎంత? పన్ను ట్రైబ్యునల్ ఖర్చుల ఉత్తర్వులపై విశాఖ నుంచి ఒక పరిశీలన

1961 ఆదాయపు పన్ను చట్టం 254వ సెక్షన్‌లోని (2బి) ఉపసెక్షన్ ఒకే ఒక్క వాక్యం. అప్పీలు ఖర్చుల సంగతి ట్రైబ్యునల్ విచక్షణకు వదిలేసి ఊరుకుంది. అప్పీళ్లను వీలైతే నాలుగేళ్లలో తేల్చమన్న (2ఏ)తో పాటు 1999లో వచ్చిందిది. ఖర్చులు ఎవరు, ఎంత, ఎవరికి చెల్లించాలో అందులో లేదు. ఆ ఖాళీని ఒక అలవాటు నింపింది. కింది అధికారి నోటీసులకు పలకని అసెస్సీ ట్రైబ్యునల్‌కు వచ్చి మరో అవకాశం అడుగుతాడు. ఉత్తర్వు చివరి పేరాలో కేసు వెనక్కి వెళ్తుంది. దాని వెంటే ఐదు వేలో పది వేలో ఖర్చులు, అవీ తరచుగా ఏ సహాయ నిధికో న్యాయసేవా సంస్థకో. ఎదురుచూసి నష్టపోయిన పక్షానికి దమ్మిడీ అందదు. ఇది ఖర్చుల పేరుతో వేసే జరిమానా. అసెస్‌మెంట్ దశలో నోటీసును లక్ష్యపెట్టనివారికి 272ఏ కింద పదివేల జరిమానా ఎలాగూ ఉంది. ఖర్చుల ఉత్తర్వు చేయవలసిన పని వేరు: ఒకరి తీరువల్ల రెండో పక్షానికి వృథా అయిన శ్రమకు పరిహారం ఇప్పించడం.

ఓడినవారిపై ఖర్చులు వేయడం ఇందుకు సమాధానం కాదు. విశాఖ బెంచీ చరిత్రే దీనికి సాక్ష్యం. 2012 మార్చిలో మెరిలిన్ షిప్పింగ్ కేసులో ఇక్కడి ప్రత్యేక బెంచీ, మూలంలో పన్ను కోయకపోతే 40(ఏ)(ఐఏ) కింద తోసిపుచ్చేది ఏడాది చివరికి బాకీ మిగిలిన మొత్తాలనే అని మెజారిటీతో తేల్చింది. 2017లో పాలం గ్యాస్ సర్వీస్ కేసులో సుప్రీంకోర్టు అందుకు పూర్తి భిన్నంగా చెప్పింది. ఆ అయిదేళ్లలో ఏ పక్షం ఓడినా, దాన్ని మొండితనం అనగలమా? కొలవవలసింది ఫలితాన్ని కాదు, నడవడికను.

చిన్నవారి మాటేమిటన్నది బలమైన అభ్యంతరమే. గాజువాక లారీ యజమానికి, పోర్టు దగ్గర చిన్న క్లియరింగ్ ఏజెంటుకు ఇప్పుడు అప్పీలు నోటీసు పోర్టల్‌లోనో, ఏనాడో ఇచ్చిన ఈమెయిల్‌కో వస్తుంది. ఆ మెయిల్ తెరిచేది అకౌంటెంటు. అతను మారిపోతే కబురే అందదు. ట్రైబ్యునల్ అప్పీలు ఫీజుకే గరిష్ఠం పదివేలు; దానికి సమానమైన ఖర్చులు వీళ్లకు భారమే. అయితే ఈ అభ్యంతరం ఖర్చుల అధికారాన్ని కాదనడం లేదు, దాన్ని గుడ్డిగా వాడడాన్ని కాదంటోంది. నోటీసు అందిందా, వాయిదా ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్నవి ఉత్తర్వులో రాసి తీరాలి. జాప్యం ఎవరిదో చూడకుండా స్టే రద్దయ్యే నిబంధన ఏకపక్షమని 2021లో పెప్సీ ఫుడ్స్ తీర్పు చెప్పింది. అసెస్సీ తప్పిదం ఉంటేనే రద్దు. ఖర్చులకూ అదే తర్కం సరిపోతుంది.

ఆ తర్కం శాఖ వైపూ తిరగాలి. రికార్డు తేనందుకో, రిమాండ్ నివేదిక పంపనందుకో శాఖ అడిగే వాయిదాలను చాలా తేలిగ్గా తీసుకుంటున్నాం. బ్రిటన్ పన్ను ట్రైబ్యునల్ నియమాల్లో పదోది అసమంజసంగా వ్యవహరించిన ఏ పక్షంపైనైనా ఖర్చులు వేయనిస్తుంది. బీపీపీ కేసులోనైతే ఆదేశం పాటించని పన్ను శాఖను తదుపరి విచారణలో పాల్గొననివ్వలేదు. 2017లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. శాఖ కట్టేది ప్రజల సొమ్మే కదా అంటారు. నిజమే, కానీ ఊరికే వాయిదా పడిన ప్రతి విచారణకూ ఖర్చయ్యేది కూడా ఆ సొమ్మే. స్టీల్‌ప్లాంట్‌లాంటి ప్రభుత్వ సంస్థ అసెస్సీ అయితే డబ్బు ఒక జేబులోంచి మరో జేబులోకి పోతుందన్న మాట మరింత నిజం. ప్రభుత్వం, ప్రభుత్వరంగ సంస్థల తగాదాలను జల్లెడ పట్టే కమిటీ ఏర్పాటు ఫలితమివ్వలేదని 2011లో హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో సుప్రీంకోర్టే దాన్ని ఎత్తేసింది. అప్పటినుంచి ఆ రెండు పక్షాలూ ముందస్తు వడపోత లేకుండానే ట్రైబ్యునల్ ముందుకు వస్తున్నాయి. అలాంటి చోట మొత్తం నామమాత్రమే అయినా ఫరవాలేదు. ఏ తేదీన ఎవరివల్ల విచారణ ఆగిందో ఉత్తర్వులో ఉంటే, ఆ వరుస చూసి అడిగే పై అధికారికీ, ఆడిట్‌కూ ఒక ఆధారం దొరుకుతుంది.