ఒలికిన నూనె

వంటింట్లో నూనె ఒలికితే ఏం చెయ్యాలో మనకొకరు చెప్పాలా? ముందు ఇంత పిండో, పొడి బూడిదో చల్లుతాం. పీల్చుకున్నాక ఎత్తేసి, ఆ తర్వాతే సబ్బునీళ్ళతో కడుగుతాం. ముందే నీళ్ళు పోస్తే నూనె పోదు సరికదా, ఇల్లంతా పాకుతుంది. తలంటులో సున్నిపిండీ, కుంకుడు రసమూ చేసే పని కూడా ఇదే. మోటారు కారు పుట్టకముందే ఈపాటి శాస్త్రం ఆడవాళ్ళ దగ్గర ఉంది.

కారుకీ మన నూనెకీ ఉన్న చుట్టరికం మాత్రం చాలామందికి తెలీదు. పాలమూరు మెట్ట పొలాల్లో ఆముదం పాతకాలం నుంచీ పండే పంట. ఆ ఆముదమే దీపంలో వెలిగింది, బండి ఇరుసుకి కందెన అయింది. చివరికి ఇంజన్లోకీ చేరింది. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ అనే ఆయన కంపెనీ ఇంజనాయిల్లో ఆముదం కలిపి, ఆముదానికి ఇంగ్లీషు పేరైన ‘కాస్టర్’ నుంచి ‘కాస్ట్రాల్’ అని పేరు పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొన్ని విమానాల ఇంజన్లు గిర్రున తిరుగుతూ ఆముదం వెదజల్లితే, అది పైలట్ల నోట్లో పడి కడుపులు కదిలేవిట! చిన్నప్పుడు ముక్కు మూసుకుని ఆముదం తాగిన మనకి ఆ బాధ కొత్త కాదు. తర్వాత భూమిలోంచి తీసిన నూనె ఆ స్థానం ఆక్రమించింది.

ఆ మధ్య జోగుళాంబ దర్శనానికి వెళుతుంటే, అలంపూర్ చౌరస్తా దగ్గర మా కారులోంచి మాడువాసన వచ్చింది. బానెట్ ఎత్తి చూస్తే, అంతకుముందు ఆయిల్ పోసిన కుర్రాడు ఒలకబోసింది ఇంజన్ మీద పొగలు కక్కుతోంది. మా డ్రైవరు పెట్రోలులో గుడ్డ ముంచబోయాడు. పక్క షెడ్డులోని మేస్త్రీ పరుగెత్తుకొచ్చి ఆపాడు.

“సల్లబడనీయండమ్మా! వేడి గొట్టం మీద పెట్రోలు పడితే బండే అంటుకుంటది.”

చల్లారాక బ్యాటరీ తీగ విప్పాడు. నూనెని పాతగుడ్డతో అద్ది తీశాడు. కరెంటు భాగాలకి ప్లాస్టిక్ సంచులు చుట్టి, సబ్బునీళ్ళ బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచాడు. రబ్బరు గొట్టాల్నీ బెల్టునీ రెండోసారి కూడా తుడిచాడు. “నూనె తాగితే రబ్బరు ఉబ్బుతాదమ్మా” అన్నాడు. జిడ్డుగుడ్డల్ని కాలవలో పారెయ్యకుండా రేకుడబ్బాలో వేసి మూత పెట్టాడు. కాలవలో వేస్తే ఆ జిడ్డు వాననీళ్ళతో తుంగభద్ర దారి పడుతుంది మరి!

అలంపూర్‌లో బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాల్లో, బాలబ్రహ్మేశ్వరుడికి ఇప్పటికీ నిత్యపూజ జరుగుతోంది. అక్కడ దీపాలు చూస్తుంటే నాకు మేస్త్రీ పనే గుర్తొచ్చింది. ఇనుము మీద నూనె పైపైనే ఉంటుంది, తుడిస్తే పోతుంది. ఇసకరాయి అలా కాదు, లోపలికి తాగేస్తుంది. దానిమీద దీపపు మసి, దుమ్మూ పేరుకుంటే శిల్పం ముక్కూ మొహం కనబడవు. గట్టిగా తోమితే చెక్కడమే అరిగిపోతుంది.

అందుకే గుడికి వెళ్ళినప్పుడు నూనె ప్రమిదలోనే పొయ్యండి, రాతిమీద ఒలకనివ్వకండి. అలాగే కారులో ఆయిల్ పోయించాక మూత బిగించారో లేదో మీరే ఒకసారి చూసుకోండి. ఆ పని మగవాళ్ళకే వదిలెయ్యక్కర్లేదు.