సిద్ శ్రీరామ్ ‘సిద్ధార్థ్’: సినిమా గొంతు సొంత పాట పాడితే

జక్రాన్‌పల్లి, ఆర్మూర్, బోధన్... ఎక్కడి ఫంక్షన్ హాల్‌కు వెళ్లినా ‘సామజవరగమన’, ‘శ్రీవల్లి’, ‘కళావతి’ పాటల్లో ఏదో ఒకటి చెవిన పడుతుంది. మూడింటిలోనూ గొంతు సిద్ శ్రీరామ్‌దే. ఆ గొంతును మన ఇళ్లల్లో చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. కానీ ఆయన స్వయంగా పాటలు కట్టుకుని పాడిన ఆల్బమ్‌లు ఉన్నాయంటే మాత్రం చాలామంది “అవునా?” అంటారు. 2023 ఆగస్టు 25న వచ్చిన ‘సిద్ధార్థ్’ అలాంటిదే.

ఎవరీయన?

పూర్తి పేరు సిద్ధార్థ్ శ్రీరామ్. 1990లో చెన్నైలో పుట్టారు. ఏడాది వయసులోనే కుటుంబం అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో స్థిరపడింది. తల్లి లత కర్ణాటక సంగీతం నేర్పే గురువు, కొడుక్కీ ఆమే తొలి గురువు. ఇంట్లో కర్ణాటకం, బయట అమెరికన్ ఆర్ అండ్ బి. రెండూ వింటూ పెరిగి, బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివారు. 2013లో ఏ.ఆర్. రహ్మాన్ ‘కడల్’ సినిమాలో పాడించారు. తెలుగులో అసలు పేరొచ్చింది 2018లో, ‘గీత గోవిందం’లోని ‘ఇంకేం ఇంకేం ఇంకేం కావాలే’ పాటతో.

సినిమా పాటలో గాయకుడి వాటా ఎంత?

మనం “సిద్ పాట” అనేస్తాం గానీ, లెక్క చూస్తే వేరే. ‘సామజవరగమన’ రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి, బాణీ తమన్‌ది. ‘శ్రీవల్లి’ మాటలు చంద్రబోస్‌వి, బాణీ దేవిశ్రీ ప్రసాద్‌ది. ‘ఇంకేం ఇంకేం’ అనంత శ్రీరామ్ రాస్తే గోపీ సుందర్ స్వరపరిచారు. సందర్భం దర్శకుడిది, తెరపై ముఖం హీరోది. గాయకుడు తన గొంతు ఇచ్చి, ప్రాణం పోసి వెళ్లిపోతాడు. అది చిన్న పనేం కాదు. అయితే ఆ పాటలో చెప్పేది మాత్రం తన మాట కాదు.

ఉర్దూ మెహఫిళ్ల అలవాటు ఉన్న ఇళ్లకు ఈ తేడా కొత్త కాదు. గజల్ ఎవరు పాడినా, పెద్దలు ముందు అడిగేది “కలాం ఎవరిది?” అనే. చివరి షేర్‌లో, అంటే మఖ్తాలో, శాయర్ తన తఖల్లుస్ పెట్టుకుంటాడు. వందేళ్ల తర్వాత ఎవరు పాడినా ఆ పేరు పాటతోనే ఉంటుంది. సినిమా పాటకు అలాంటి మఖ్తా లేదు.

ఆల్బమ్‌లో ఏముంది?

సిద్ తొలి ఇంగ్లీష్ ఆల్బమ్ ‘ఎంట్రపీ’ 2019లో వచ్చింది. సినిమాల్లో మంచి ఊపు మీద ఉన్నప్పుడే అది చేశారు. 2020లో ‘వానం కొట్టట్టుం’ అనే తమిళ సినిమాకు సంగీతం కూడా ఇచ్చారు. తర్వాత ‘సిద్ధార్థ్’. దీన్ని నిర్మాత రయాన్ ఓల్సన్‌తో కలిసి అమెరికాలోని మినియాపొలిస్‌లో చేశారు, డెఫ్ జామ్ సంస్థ విడుదల చేసింది. పాటలు ఎక్కువగా ఇంగ్లీష్‌లోనే ఉంటాయి, గమకం మాత్రం కర్ణాటకం. 2024లో కాలిఫోర్నియాలోని కోచెల్లా ఉత్సవంలోనూ పాడారు.

ఆల్బమ్ పేరే గమనించండి. అభిమానులకు తెలిసిన ‘సిద్’ కాదు, అమ్మానాన్నలు పెట్టిన పేరు. ఒక రకంగా అదే ఆయన తఖల్లుస్.

అయితే దీనికి ధర ఉంది. సినిమా పాటకు హీరో, టీజర్, థియేటర్ అన్నీ తోడుంటాయి. సొంత ఆల్బమ్‌కు అవేవీ ఉండవు. ‘శ్రీవల్లి’ పాడుకునే ఊళ్లలో ‘సిద్ధార్థ్’ పేరు వినని వాళ్లే ఎక్కువ. అది తెలిసీ చేశారంటే, పేరు కోసం కాదనే అనుకోవాలి.

చట్టం ఏమంటుంది?

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం సినిమా పాట థియేటర్ బయట వాడుకలోకి వచ్చినప్పుడు రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటా ఉంటుంది. ఆ వాటాను ఒప్పందంలో వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. గాయకులకు కూడా తమ గానాన్ని వ్యాపారానికి వాడితే రాయల్టీ హక్కు వచ్చింది. అందుకోసమే గాయకుల హక్కుల సంఘం ‘ఇస్రా’ 2013లో రిజిస్టర్ అయింది. రచయితలు, స్వరకర్తల కోసం ‘ఐపీఆర్ఎస్’ ఉంది. సొంతంగా రాసి, బాణీ కట్టి, పాడేవారికి ఈ మూడు వాటాలూ ఒక్కరికే దక్కే అవకాశం ఉంటుంది. కంపెనీతో రాసుకునే ఒప్పందాన్ని బట్టి రికార్డింగ్ హక్కు మాత్రం మారుతుంది.

మన పిల్లలకు పనికొచ్చే మాట

ఇప్పుడు ఊళ్లలో కూడా పిల్లలు ఫోన్‌లో పాడి యూట్యూబ్‌లో పెడుతున్నారు. గొంతు బాగుందని మెచ్చుకోండి. దాంతో పాటు రెండు సంగతులు చెప్పండి. వేరేవాళ్ల పాట పాడితే రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు కింద రాయాలి. సొంతంగా రాస్తే తేదీ వేసి కాగితం మీద దాచుకోవాలి, ఎవరైనా ఒప్పందం పెడితే చదివించుకోకుండా సంతకం చేయకూడదు. నాలుగు లైన్లే అయినా సరే, తనవంటూ ఉంటే పిల్లలు రేపు “కలాం నాదే” అని చెప్పుకోగలుగుతారు.