పేలని గుండు

1941 మే 22, అర్ధరాత్రి దాటింది. స్కాట్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న స్కాపా ఫ్లో రేవు నుంచి రెండు పెద్ద యుద్ధనౌకలు, వాటికి తోడుగా ఆరు డిస్ట్రాయర్లు బయలుదేరాయి. ముందు వెళ్తున్నది ‘హుడ్’. ఇరవై ఏళ్లపాటు ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌకగా పేరు మోసింది. దాని వెనకాలే ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’. ఈ ఓడ నావికాదళంలో చేరింది ఆ ఏడాది జనవరిలోనే. నాలుగేసి ఫిరంగులున్న పెద్ద టరెట్లను తయారీ కంపెనీ అప్పగించిందేమో ఏప్రిల్ నెలాఖరులో.

ఆ రాత్రి ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌లో నావికులు మాత్రమే లేరు. ఫిరంగులు తయారుచేసిన వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్స్ కంపెనీ పనివాళ్లు కూడా ఉన్నారు. టరెట్ల లోపల యంత్రాలు ఇంకా గాడిన పడలేదు. ఒకటి సరిచేస్తే మరొకటి మొరాయిస్తోంది. జర్మనీ వారి ‘బిస్మార్క్’ నార్వే తీరం విడిచి అట్లాంటిక్ వైపు వస్తోందన్న అనుమానం అప్పటికే బలపడింది. పనివాళ్లను దించి, పరీక్షలు పూర్తిచేసి, తీరిగ్గా వెళ్లే వ్యవధి లేదు. సైనికులు కాని ఆ మనుషులు కూడా పనిముట్లతో సహా యుద్ధానికి వెళ్లారు.

కాగితం మీద చూస్తే ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఎవరికీ తీసిపోదు. 1936 నాటి లండన్ నౌకా ఒప్పందం ప్రకారం ఫిరంగి గొట్టం వ్యాసం 14 అంగుళాలు మించకూడదు. బ్రిటన్ ఆ మాటకు కట్టుబడి ఓడను గీసుకుంది. మొదట అనుకున్నది మూడు టరెట్లలో పన్నెండు ఫిరంగులు. మందుగుండు గదులకు కవచం ఇంకాస్త మందంగా ఉండాలని, ఆ బరువు కోసం రెండు ఫిరంగులు తగ్గించారు. మిగిలినవి పది. ఒక్కో గుండు 721 కిలోలు. బిస్మార్క్‌కు 15 అంగుళాల ఫిరంగులు ఎనిమిది, గుండు 800 కిలోలు. లెక్క వేయండి. పది ఫిరంగులూ ఒక్కసారి పేలితే 7,210 కిలోల ఉక్కు, అటువైపు నుంచి 6,400 కిలోలు. కవచంలోనూ బ్రిటిష్ ఓడదే పైచేయి. మందుగుండు గదుల పక్కన దాని ఉక్కు పట్టీ సుమారు 370 మిల్లీమీటర్లు, బిస్మార్క్‌ది 320.

ఇవాళ ‘వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్’ ఆన్‌లైన్ గేమ్ ఆడేవాళ్లు చేసే లెక్క కూడా ఇదే. 2015లో వచ్చిన ఈ గేమ్‌లో హుడ్ ఉంది, బిస్మార్క్ ఉంది, ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌కు తోబుట్టువైన ‘కింగ్ జార్జ్ ఫైవ్’ ఉంది. కొత్త యుద్ధనౌక వచ్చిందంటే చాలు, ఆటగాళ్లు దాని కవచాన్ని ముక్కముక్కగా విప్పి చూస్తారు. ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు, ఏ యాంగిల్‌లో గుండు జారిపోతుంది, రీలోడ్‌కు ఎన్ని సెకన్లు, సిటాడెల్ (మందుగుండు, ఇంజన్లు ఉండే కవచపు పెట్టె) నీటికి పైన ఉందా కింద ఉందా అని వాదించుకుంటారు. ఆ శ్రద్ధ నాకు ఎంతో ఇష్టం. ఎనభై ఏళ్ల కిందటి ఉక్కు ముక్క గురించి పద్దెనిమిదేళ్ల కుర్రాడు అంత పట్టుదలగా మాట్లాడటం చిన్న విషయమా! ఆ కుర్రాళ్ల కోసమే ఈ కథ చెబుతున్నాను.

మే 24 తెల్లవారుజాము. ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్‌ల నడుమ డెన్మార్క్ జలసంధి. ఉదయం 5 గంటల 52 నిమిషాలకు హుడ్ తొలి గుళ్లు పేల్చింది. దూరం 24 కిలోమీటర్ల పైమాటే. ఎదురుగా ముందు వస్తున్నది బిస్మార్క్ అనుకుని హుడ్ గురిపెట్టింది దానికన్నా చిన్నదైన ‘ప్రిన్జ్ ఆయ్గెన్’ అనే క్రూజర్‌కు. దూరం నుంచి రెండింటి రూపూ ఒకేలా ఉంటుంది. ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌లోని గన్నరీ అధికారి ఆ పొరపాటు చేయలేదు. మొదటి నుంచీ అతని గురి అసలైన బిస్మార్క్ మీదే.

శత్రువుకు త్వరగా దగ్గర కావాలని బ్రిటిష్ దళాధిపతి వైస్ అడ్మిరల్ హాలండ్ రెండు ఓడలనూ ఏటవాలుగా ఎదురు నడిపించాడు. దాంతో వెనుక టరెట్లు గురికి అందలేదు. దూరం కొలిచే ముందు రేంజ్‌ఫైండర్ల అద్దాలను కెరటాల తుంపర కమ్మేసింది. పైగా, తొలి దఫా పేల్చగానే ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ముందు టరెట్‌లో ఒక ఫిరంగి మూగబోయింది.

టరెట్ లోపల జరిగేది కాస్త దగ్గరగా చూడాలి. అడుగున ఉన్న గది నుంచి ముప్పాతిక టన్ను బరువున్న గుండ్లు టరెట్ కింద తిరిగే ఒక పెద్ద వలయంలోకి వస్తాయి. అక్కడి నుంచి లిఫ్టులోకి, లిఫ్టు నుంచి ఫిరంగి వెనుక భాగంలోకి. ఒక అడుగు పూర్తయితే తప్ప తర్వాతి అడుగు కదలకుండా ప్రతి చోటా అడ్డు తాళాలు. ప్రమాదం జరగకూడదనే పెట్టారు. కానీ ఓడ ఊగుతూ, వంగుతూ ఉన్నప్పుడు ఒక భాగం వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఆ తాళాలే మొత్తం యంత్రాన్ని ఆపేస్తాయి. నాలుగు ఫిరంగులకు ఒకే వలయం. కంపెనీ పనివాళ్లు చుట్టూ గుండ్లు పడుతుండగానే ఆ యంత్రాల మధ్య దూరి, ఆగినదాన్ని ఆగిన వెంటనే కదిలించే ప్రయత్నం చేశారు. చరిత్ర పుస్తకాల్లో వాళ్లకు దక్కింది ఒకటి రెండు వాక్యాలే. నా దృష్టిలో ఆ ఉదయపు వీరుల్లో వాళ్లూ ఉన్నారు.

ఆరు గంటలు కావస్తోంది. వెనుక ఫిరంగులను కూడా రంగంలోకి తెద్దామని హుడ్ ఎడమవైపు తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే బిస్మార్క్ అయిదో దఫా గుండ్లు వచ్చి పడ్డాయి. హుడ్ వెనుక మందుగుండు గది పేలింది. పెద్ద చప్పుడేమీ వినపడలేదని బతికినవాళ్లు చెప్పారు. మూడు నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. 1,418 మందిలో మిగిలింది ముగ్గురు.

శిథిలాల్ని తప్పించుకోవడానికి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ చటుక్కున పక్కకు తిరిగింది. ఇప్పుడు రెండు జర్మన్ ఓడల గురీ దాని మీదే. 6 గంటల 2 నిమిషాలు. కెప్టెన్ జాన్ లీచ్ నిలబడి ఉన్న కంపాస్ ప్లాట్‌ఫామ్ గుండా 15 అంగుళాల గుండు ఒకటి దూసుకుపోయింది. లోపల పేలలేదు. అయినా అక్కడున్నవాళ్లలో లీచ్, ఇంకా ఒకరిద్దరు తప్ప అందరూ పోయారు. అక్కడి నుంచి కింది గదిలోకి దిగే మాటల గొట్టం గుండా రక్తం కారి మ్యాప్ మీద పడింది. ఆ దాడిలోనే ఎస్మండ్ నైట్ అనే అధికారి చూపు పోగొట్టుకున్నాడు. యుద్ధానికి ముందు ఆయన నటుడు. 1960లో వచ్చిన ‘సింక్ ది బిస్మార్క్!’ సినిమాలో ఇదే ఓడ కెప్టెన్ వేషం ఆయనే వేశారు.

లీచ్ పొగతెర వదిలి ఓడను వెనక్కి తిప్పాడు. ఆ మలుపులో ఓడ ఒరగడంతో వెనుక టరెట్‌లో ఒక గుండు జారి వలయంలో ఇరుక్కుంది. నాలుగు ఫిరంగులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. పోరు మొత్తంలో 18 దఫాలు పేల్చింది. 74 గుండ్లు పోవలసిన చోట 55 మాత్రమే పోయాయి. పారిపోయాడన్న నింద లీచ్ మీద పడింది. ఆయన్ని కోర్టు మార్షల్ చేయాలని లండన్‌లో పెద్దలు పట్టుబట్టారు. హోమ్ ఫ్లీట్ అధిపతి టోవీ ససేమిరా అన్నారు. టోవీ చేసిందే న్యాయం. సగం పనిచేసే ఫిరంగులతో ఒంటరిగా నిలబడి ఉంటే ఆ రోజు రెండో ఓడ కూడా పోయేది.

ఇక ఆ 55 గుండ్ల సంగతి. వాటిలో తగిలినవి మూడు. ఒకటి ఓడ మధ్యలో పడవను చీల్చి, విమానాన్ని ఎగరవేసే పరికరాన్ని పాడుచేసి పోయింది. ఇంకొకటి నీటి కింద, కవచం పట్టీకి దిగువన తగిలి జనరేటర్ గదిని ముంచింది. మూడోది ముక్కు భాగంలో ఇటు నుంచి దూరి అటు నుంచి బయటపడింది. పేలనైనా పేలలేదు. అక్కడ బిస్మార్క్ ఉక్కు మందం 60 మిల్లీమీటర్లే.

గేమ్‌లో ఇలాంటి దెబ్బకు ‘ఓవర్‌పెనిట్రేషన్’ అని పేరు. గుండు చేయగల గరిష్ఠ నష్టంలో పదో వంతు మాత్రం లెక్కలోకి వస్తుంది. ఆటగాడు దాన్ని పట్టించుకోడు. కానీ డెన్మార్క్ జలసంధిలో ఏం జరిగింది? ఆ కన్నం గుండా దాదాపు రెండువేల టన్నుల నీరు లోపలికి వచ్చింది. ముందు ట్యాంకుల్లోని వెయ్యి టన్నుల చమురు అందకుండా పోయింది. ఓడ ముక్కు దిగబడింది, వేగం తగ్గింది, వెనకాల నీటి మీద చమురు చార పడింది. బిస్మార్క్ బయలుదేరేటప్పుడే ట్యాంకులు పూర్తిగా నింపుకోలేదు. నార్వేలో ఆగినప్పుడూ నింపుకోలేదు. జర్మన్ దళాధిపతి అడ్మిరల్ ల్యూట్యెన్స్‌కు వేరే దారి లేకపోయింది. అట్లాంటిక్‌లో సరుకు ఓడల వేట మానుకుని ఫ్రాన్స్ రేవు వైపు తిరిగాడు. దారిలో బ్రిటిష్ విమానవాహక నౌక ‘ఆర్క్ రాయల్’ విమానాలు బిస్మార్క్ చుక్కానిని కదలకుండా చేశాయి. మే 27న బిస్మార్క్ మునిగింది.

ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌కు ఏడు గుండ్లు తగిలాయి. స్కాట్లాండ్‌లోని రొసైత్‌లో డ్రై డాక్‌కు ఎక్కించి చూస్తే, వాటిలో ఒకటి నీటి కింద ఓడ పొట్టలో దూరి, పేలకుండా పడి ఉంది. అది వచ్చిన దారి కూడా మందపాటి ఉక్కు పట్టీకి కిందుగానే. రెండు ఓడలకూ కీలకమైన దెబ్బలు తగిలింది కవచం ఆగిపోయిన చోటే. ఆ 370, ఈ 320 అంకెలకు ఆ ఉదయం పరీక్షే రాలేదు. ఆ ఏడాది డిసెంబర్ 10న మలయా తీరంలో జపాన్ విమానాల టార్పెడోలకు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మునిగినప్పుడు కూడా రాలేదు. కెప్టెన్ లీచ్ ఆ ఓడతోనే పోయారు.

గేమ్‌లో టరెట్ పాడవాలంటే శత్రువు గుండు తగలాలి. దానంతట అది మొరాయించదు. గురి చూసే అద్దం మీద కెరటాల తుంపర పడదు. ట్యాంకులో చమురు తరగదు. ఆట సాగాలంటే అలాగే ఉండాలి, అందులో తప్పులేదు. కాకపోతే, ఈసారి కొత్త యుద్ధనౌక కవచాన్ని తెరిచి చూసేటప్పుడు మందపాటి పట్టీని ఒక్క నిమిషం పక్కన పెట్టండి. అది ఎక్కడ ఆగిపోతుందో, ముక్కులో ఎంత మందం ఉందో, నీటి కింద ఏముందో చూడండి. 14 అంగుళాల ఫిరంగి పనికిమాలినదని ఎవరైనా అంటే ‘డ్యూక్ ఆఫ్ యార్క్’ పేరు చెప్పండి. అదే తరగతి ఓడ, అదే ఫిరంగులు, అదే రకం టరెట్లు. 1943 డిసెంబర్ 26న ఆర్కిటిక్ చీకట్లో జర్మన్ యుద్ధనౌక ‘షార్న్‌హార్స్ట్’ను దెబ్బతీసి, ముంచేందుకు దారి తీసింది అదే.