రైలు పెట్టె క్రింది పైపు క్లాంపు

తెలుగు నేల నుండి బొంబాయికి వలస వెళ్ళిన తాపీ, మట్టి పనివారిని అక్కడ కామాటీలని పిలిచేవారు. కామాటిపురకు ఆ పేరు వారివల్లనే వచ్చింది. 1930లో ప్రారంభమైన ముంబయి సెంట్రల్ స్టేషను ఆ పేటకు నడక దూరం. ఇంకా ఉత్తరానికి వెళితే లోయర్ పరేల్‌లో పశ్చిమ రైల్వే వారి పెట్టెల మరమ్మతు కర్మాగారం కలదు. అటువంటి చోట పెట్టె క్రింద దూరి పనిచేసేవారి చేతికి నిత్యం తగిలే చిన్న వస్తువు పైపు క్లాంపు.

పెట్టె అడుగున ఈ చివర నుండి ఆ చివరకు బ్రేకు పైపు సాగుతుంది. ప్రయాణికుల రైళ్ళలో దానికి తోడుగా ఫీడు పైపు కూడా ఉంటుంది. మొదటిదానిలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల, రెండవదానిలో 6 కిలోల ఒత్తిడిగల గాలి నింపుతారు. యు ఆకారంలో వంచిన ఇనుప కడ్డీ పైపును చుట్టి, ఫ్రేముకు అమర్చిన బ్రాకెట్టు రంధ్రాలలో దూరి, నట్లతో బిగుస్తుంది. నట్టు సడలకుండా పైన మరొక నట్టు వేయడం కద్దు. పైపును ఫ్రేముకే వెల్డింగు చేయవచ్చు కదా అని అడిగేవారుంటారు. తుప్పుపట్టిన ముక్కను విప్పి మార్చవలసిన నాడు ఆ తేలిక పద్ధతి ఎంత కష్టమో తెలుస్తుంది.

క్లాంపు వదులైతే బండి అదురుకు పైపు ఊగుతుంది. బ్రాకెట్టుతో ఒరుసుకొని దాని గోడ పలచబడుతుంది. జాయింట్లు సడలి గాలి కారుతుంది. పెట్టె చివరి క్లాంపుకు భారం అధికం. రెండు పెట్టెలను కలిపే రబ్బరు గొట్టం, దాని యాంగిల్ కాకు లాగుడు అక్కడే పడుతుంది. తనిఖీలో ముందు చూడదగినది అదేనని మా అభిప్రాయం.

గాలి కారితే బ్రేకులు పడవని పలువురి భయం. నిజం వేరు. 1870ల ఆరంభంలో అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఆటోమేటిక్ పద్ధతిలో పైపు ఒత్తిడి తగ్గితేనే బ్రేకు పడుతుంది. పైపు తెగితే బండి తనంత తాను నిలుస్తుంది. కొద్దిగా కారితే కంప్రెసరు ఆ లోటును పూరిస్తుంది. పూరించలేనప్పుడు బ్రేకులు పట్టుకొని విడవవు, చక్రాలు వేడెక్కుతాయి, ఒక్కొక్కసారి ఈడ్చుకుపోయి చదునుబడతాయి. రద్దీ వేళ ఒక లోకల్ బండి దారిలో నిలిస్తే వెనుకవన్నీ నిలుస్తాయి. దినకూలీకి ఆ ఆలస్యం కూలినష్టమే. క్లాంపు ఊడి పైపు క్రిందికి వ్రేలాడితే మరింత అపాయం, అది పట్టాల నడుమ దేనికైనా తగిలి విరగవచ్చు.

రంగు పూసిన క్లాంపు చూపుకు బిగువుగానే ఉంటుంది. అందుచేత చేతితో కదిపి, సుత్తితో తట్టి చూడాలి. జాయింట్లకు సబ్బునీరు పూస్తే గాలి కారేచోట బుడగలు లేస్తాయి. పాత ఐ.సి.ఎఫ్. రకం పెట్టెల తయారీ 2018లో ఆగిపోయింది. వాటి స్థానంలో వచ్చిన ఎల్.హెచ్.బి. పెట్టెలకు డిస్కు బ్రేకులున్నా, వాటికీ గాలి పైపులే ఆధారం.

ముంబయి నుండి నాందేడ్, నిజామాబాద్ మీదుగా వచ్చే దేవగిరి ఎక్స్‌ప్రెస్ మన పాఠకులకు పరిచయమైనదే. బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే రెండు పెట్టెల నడుమ రబ్బరు గొట్టాలు కనిపిస్తాయి. వాటి వెనుక, ఫ్రేము నీడలో ఉండేవే ఈ క్లాంపులు.